భీమయ్య అరచెయ్యి

డాక్టర్ సుమలతను పెగడపల్లిల ఇప్పటికీ భీమయ్య బిడ్డ అనే పిలుస్తరు. ముప్పై అయిదేండ్ల మనిషి, బక్క పానం, మాట తక్కువ. దక్షిణ సుడాన్‌ల ఐక్యరాజ్యసమితి శాంతిసేన కాడ రెండేండ్లు వాలంటీరు డాక్టరుగ పనిచేసి వచ్చింది. గుండెల దయ ఉన్నది గనుకనే అంత దూరం పోయి సేవ చేసిందని చర్చిల పాస్టరు పొగుడుతడు. ఆమె ఊకోని వింటది గని తల ఊపదు. తనను డాక్టరు దాక నడిపించింది పగ అని ఆమెకు ఎరుకే.

ఆమెకు పదమూడేండ్లప్పుడు, 2003 జూన్ నెలల, వాళ్ల బాపు భీమయ్య సచ్చిపోయిండు. గుంటెడు భూమి లేని మనిషి. రామస్వామి అనే పెద్ద రైతు దగ్గర జీతం ఉండేటోడు. గా దినం నారుమడికి నీళ్లు పెట్టాలె. పొలాలకు కరంటు ఇచ్చేదే కొన్ని గంటలు, గా గంటలల్లనే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజు ఎగిరింది. లైన్‌మన్ కోసం ఎదురుచూసుడు ఎందుకని రామస్వామి భీమయ్యను ఎక్కుమన్నడు. భీమయ్య ఎక్కిండు. మల్ల కట్టెలెక్క బిగుసుకొని కింద పడ్డడు.

రామస్వామి జీపు తీసిండు. మడిల పనిచేస్తున్న భీమయ్య పెండ్లాం ముత్తవ్వ బురద కాళ్లతోనే ఎక్కి కూసున్నది. ఇంటికాడికెల్లి ఉరికొచ్చిన సుమలత బాపు తలకాయ ఒడిల పెట్టుకున్నది. జీపు జగిత్యాల సర్కారు దవాఖాన ముంగటికెల్లే పోయింది గని ఆగలేదు. సీదా కోరుట్లకు పోయింది. రామస్వామి బామ్మర్ది డాక్టర్ మహిపాల్ నర్సింగ్ హోం అక్కడ ఉన్నది.

మహిపాల్ నాడి పట్టి చూసి, పానం పోయిందన్నడు. బల్ల మీదికి వంగి కాయితం రాస్తుండు. సుమలత బాపు కుడి చెయ్యి పట్టుకొని ఉన్నది. మూసుకపోయిన పిడికిలి మెల్లగ ఇప్పింది. అరచేతి నడిమిట్ల శనగగింజంత గుంట, దాని అంచులు ఉబ్బి బూడిద రంగు తిరిగి ఉన్నయి.

"సార్, మా బాపు చేతికి గిదేంది?" అని అడిగింది.

మహిపాల్ తలకాయ ఎత్తలేదు. "బీడీ కాలింది."

"మా బాపు బీడీ తాగడు సార్."

"తాగుబోతోడు ఏమేం తాగిండో నీకేం ఎరుక," అన్నడు. సంతకం పెట్టి, కాయితం బావ చేతుల పెట్టి లోపలికి పోయిండు.

తాగుడు ఎక్కువై గుండె ఆగి సచ్చిండని గా కాయితంల ఉన్నది. దాంతోని పోలీసులకు కబురు పోలేదు, పోస్టుమార్టం కాలేదు. మర్నాడు పొద్దుగాల బొందల గడ్డల పూడ్చిపెట్టిర్రు. అంతకు ముందు పీనుగుకు తానం పోసేటప్పుడు ఎడమ మడిమె పగిలి నల్లగ ఉన్నదని ముత్తవ్వ చూసింది గని అది ఏందో ఆమెకు తెల్వలే.

భీమయ్య బాప్తిస్మం తీసుకున్నప్పటి సంది కల్లు ముట్టనోడు. అయినా ఊర్లె అందరు తాగి సచ్చిండనే అన్నరు. మొదట్ల ముత్తవ్వ కనబడ్డోళ్లందరితోని కొట్లాడింది. "నా మొగడు తాగలేదు, ఆయన నోరు వాసన చూసింది నేను," అని నడి బజార్ల నిలబడి చెప్పింది. కొన్నాళ్లకు కొట్లాడుడు బంద్ చేసింది గని, గా మాట అన్నోళ్ల పేర్లు ఒక్కటి మర్వలే. సుమలతకు గూడ అన్నం పెట్టుకుంట గా పేర్లు చెప్పేది. వరుసల మహిపాల్ పేరు మొదలు వచ్చేది.

సుమలత గురుకులంల చదివింది, వరంగల్ల మెడికల్ సీటు కొట్టింది. రెండో సంవత్సరం దాటినంక ఒక మధ్యాహ్నం ఫోరెన్సిక్ క్లాసుల సారు తెర మీద బొమ్మలు చూపిస్తున్నడు. ఒక బొమ్మ కాడ ఆమె పెన్ను ఆగిపోయింది. అరచెయ్యి, నడిమిట్ల గుంట, ఉబ్బిన బూడిద రంగు అంచు. కరంటు ఒంట్లకు జొరబడ్డ కాడ గిట్లుంటదని, బయటికి పోయిన కాడ తోలు పగులుతదని, ఎక్కువగ అరికాలుల ఉంటదని సారు చెప్పిండు. మొదటిసారి చూసిన ఏ డాక్టరైనా గుర్తుపడుతడని గూడ చెప్పిండు.

పక్కన కూసున్న దోస్తు సౌమ్య "ఏమైందే?" అని అడిగింది. సుమలత ఏం లేదన్నది. హాస్టలుకు పోయి కడుపు నిండ అన్నం తిన్నది. గన్నేండ్లల్ల గంత ఆకలిగ ఎన్నడు తినలేదు. మహిపాల్‌కు తెల్వక రాయలే, తెలిసే రాసిండు. గా సంగతి ఖాయమైనంక ఆమె పగకు ఒక నిలకడ వచ్చింది.

చదువు అయిపోయినంక కోరుట్లకు పోయింది. మహిపాల్ ఆమెను నిలబెట్టే మాట్లాడిండు.

"ఏ భీమయ్య? నా చేతుల మీదికెల్లి వేల మంది పోయిర్రు. ఎవలని యాది పెట్టుకోవాలె నేను?"

జగిత్యాల్ల ఒక వకీలును అడిగింది. ఫొటో లేదు, పోస్టుమార్టం లేదు, సాక్షి లేడు, ఇన్నేండ్లకు తవ్వితే బొక్కలు తప్ప ఏం దొరకయని ఆయన చెప్పిండు. సుమలత దండం పెట్టి వచ్చింది.

సర్కారు కొలువుల చేరింది. ఒక దినం డ్యూటీల ఉండంగ ఒక ముసలాయన్ను ఆటోల తెచ్చిర్రు, ఛాతిల నొప్పి. చేతిల ఉన్న చీటీ మీద మహిపాల్ సంతకం కనబడ్డది. గా సంతకం చూసుకుంట ఆమె అట్లనే నిలబడ్డది. ఎంతసేపో ఆమెకే ఎరుక లేదు. "మేడం, బీపీ పడిపోతున్నది," అని నర్సు భుజం పట్టి ఊపితే గని కదలలేదు. ముసలాయన బతికిండు. గని సుమలతకు తన మీద తనకే భయమైంది. గీ పగ సంబంధం లేని మనిషిని గూడ సంపేటట్టు ఉన్నదని ఎరుకైంది. శాంతిసేనకు వాలంటీరు డాక్టర్లు కావాలన్న ప్రకటనను సౌమ్య ఫోన్ల పంపింది గదే నెలల. ఈ జిల్లాకెల్లి దూరం పోతె సాలని ఫారం నింపింది.

దక్షిణ సుడాన్ల ఆమె దవాఖాన ఇనుప డబ్బాలల్ల ఉండేది. వాన పడితే మోకాలు లోతు బురద, ఎండ కాస్తే డబ్బా లోపల కుంపటి. పొద్దున సిపాయిల మలేరియా, కడుపునొప్పులు. చుట్టుపక్కల ఊర్లల్ల పశువుల కోసం కాల్పులు జరిగిన దినం మాత్రం గాయపడ్డోళ్లను దుప్పట్లల్ల మోసుకొచ్చేటోళ్లు. కుట్లు వేసుడు, రక్తం ఆపుడు ఒక పని. ఇంకో పని ఉన్నది: విచారణ అధికారుల కోసం ప్రతి గాయానికి రిపోర్టు రాయాలె. గా ఫారం మీద మనిషి ఒళ్లు గీసి ఉంటది, ముంగటికెల్లి ఒకటి, వెనుకకెల్లి ఒకటి. ఎక్కడ గాయమైందో గుర్తు పెట్టాలె, కొలత రాయాలె, దేనితోని అయ్యిందో రాయాలె.

ఒక దినం ఒక తల్లి కొడుకు శవాన్ని తెచ్చింది. బతికించేది ఏం లేదని సుమలత చెప్పింది. గా తల్లి పోలేదు, డబ్బా మెట్ల మీదనే కూసున్నది. అక్కడి నర్సు అచోల్ ఆమె మాటను తిప్పి చెప్పింది.

"బతికించుమని రాలేదంట మేడం. రాయుమంటున్నది. కాల్చినోళ్లను సంపుడు తనతోని కాదట. రాస్తే ఎన్నటికన్న వాళ్ల గొంతుకు అడ్డం పడుతదట."

సుమలత గంటసేపు కూసొని రాసింది. తూటా జొరబడ్డ కాడ, బయటపడ్డ కాడ, ఒక్కొక్కటి. గా తల్లి ఫారం మీద వేలిముద్ర వేసి, కండ్లల్ల నీళ్లు లేకుంట లేచిపోయింది.

సాయంత్రం సుమలత ఒక ఖాళీ ఫారం తీసింది. పేరు భీమయ్య. వయసు ముప్పై ఆరు. కుడి అరచేతి మీద గుర్తు పెట్టింది. మల్ల అవ్వకు ఫోన్ చేసింది.

"అవ్వా, బాపుకు తానం పోసినప్పుడు ఒంటి మీద ఇంకేమన్న చూసినవా?"

"ఎడమ మడిమె పగిలింది బిడ్డా. కాలిన తోలు వాసన అచ్చింది. నన్ను ఇన్నేండ్లు ఎవ్వలు అడగలేదు."

ఎడమ మడిమె మీద రెండో గుర్తు పడ్డది. ఇగ మిగిలింది సాక్షి. గా దినం ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఇంకొకడు గూడ ఉన్నడని అవ్వనే చెప్పింది, భీమయ్యతోని జీతం ఉన్న బుచ్చన్న. ఏండ్ల కిందనే ఊరు ఇడిసి పోయిండు.

2023ల తిరిగొచ్చినంక సుమలత ఆయన్ను సిరిసిల్లల పట్టుకున్నది. తన బిడ్డ నర్సక్క ఇంట్ల ఉండుకుంట, బట్ట నేసే సాంచెల కార్ఖానకు కావలి ఉంటున్నడు. లోపల నలభై సాంచెలు ఒక్కతీరుగ దంచుతున్నయి. పక్కన కూసుంటే గూడ మాట వినబడతలేదు.

"గట్టిగ చెప్పు కాకా," అన్నది సుమలత.

బుచ్చన్న గొంతు పెంచిండు. "కరంటు బంద్ చేసే స్విచ్చు మూడు రెక్కలల్ల ఒకటి దిగలేదు బిడ్డా. నేను చూసిన. పటేలా, ఒకటి దిగలేదన్న. ఏం కాదు ఎక్కుమను అన్నడు రామస్వామి. మీ బాపు నా మొఖం చూసి ఎక్కిండు."

"మరి ఎందుకు చెప్పలే?"

"పిల్లలు గలోన్ని. ఆయన ఇంట్లనే తినాలె నేను."

"నా మొఖం చూసి అయినా చెప్పాలని అనిపించలేదా కాకా? నేను గదే గల్లీల పెరిగిన."

బుచ్చన్న రెండు చేతులు జోడించిండు. సుమలత గా చేతులను కిందికి దించలేదు, మాఫ్ చేసిన అని గూడ అనలేదు. చెప్పిందంతా కాయితం మీద పెట్టించి, సంతకం తీసుకొని బస్సెక్కింది. రామస్వామి అప్పటికే సచ్చిపోయి నాలుగేండ్లు. ఆయన తప్పించుకున్నడని బస్సుల కూసొని పండ్లు కొరికింది. ఉన్నోడు మహిపాల్ ఒక్కడే.

ఆమె శాంతిసేనల పనిచేసి వచ్చిన సంగతి పేపర్ల పడ్డది. జిల్లా డాక్టర్లు కొందరు కలిసి జగిత్యాల్ల ఒక హోటల్ల మీటింగ్ పెట్టిర్రు, అనుభవాలు చెప్పుమన్నరు. పెద్దమనిషిగ మహిపాల్‌ను కూసబెడుతున్నమని చెప్పిర్రు. సుమలత గా మాట విని తప్పకుంట వస్త అన్నది. తయారైతందుకు పదిహేను దినాలు తీసుకున్నది.

నలభై మంది డాక్టర్లు వచ్చిర్రు. మహిపాల్ తెల్ల అంగి, ముందు వరుస నడిమిట్ల కుర్చీ. ఆమె భీమయ్య బిడ్డ అని ఆయనకు యాది లేదు. "మన జిల్లాకు పేరు తెచ్చినవమ్మా," అని శాలువ గూడ కప్పిండు. గా శాలువ కప్పుకునే ఆమె మాట్లాడింది. తూటా గాయాలు, కత్తి గాయాలు, ఫారాలు ఎట్ల నింపుతరో తెర మీద చూపెట్టింది. ఆఖరున ఒక బొమ్మ పెట్టింది, చేతితోని గీసింది. అరచెయ్యి, నడిమిట్ల గుంట.

"ఇది నేను చిన్నప్పుడు చూసిన గాయం. మహిపాల్ సార్ మనందరికంటె సీనియర్. ఇది ఏందో సారే చెప్పాలె," అన్నది.

మహిపాల్‌కు ఖుషీ అయింది. అద్దాలు పెట్టుకొని లేచి తెర దగ్గరికి పోయిండు.

"కరంటు జొరబడ్డ గాయం. గీ అంచులు చూడుండ్రి, ఎట్ల ఉబ్బినయో. హౌస్ సర్జన్ గూడ గుర్తుపడుతడు. సందేహమే లేదు."

"ఇంకేమన్న అయితదా సార్? బీడీ కాలితె గిట్ల అయితదా?"

"ఎట్లయితదమ్మా," అని నవ్విండు.

"మంచిది సార్. 2003 జూన్‌ల గీ చెయ్యి మీ నర్సింగ్ హోంకు అచ్చింది. పెగడపల్లి భీమయ్య చెయ్యి. మీ బావ తెచ్చిండు. బీడీ కాలిందని మీరు నాతోని చెప్పిర్రు. తాగి గుండె ఆగిందని కాయితం రాసిర్రు. గా భీమయ్య మా బాపు."

మహిపాల్ అద్దాలు తీసి మల్ల పెట్టుకున్నడు. "ఎప్పటిదో... నాకు యాది లేదు," అన్నడు. ముందు వరుసల ఉన్న ఒక పెద్ద డాక్టరు "మీరే చెప్పిర్రు గద సార్ ఇప్పుడు," అని మెల్లగ అన్నడు. మహిపాల్ కుర్చీ దాక పోలేదు, పక్క తలుపుకెల్లి బయటికి నడిచిండు. సుమలత శాలువ తీసి మడతపెట్టి ఆయన కుర్చీల పెట్టింది.

ఇంటికి పోయినంక ముత్తవ్వ అడిగిన మొదటి మాట: "మొఖం ఎట్ల పెట్టిండు?"

సుమలత చెప్పింది. ముత్తవ్వ మల్ల చెప్పుమన్నది. మూడుసార్లు చెప్పించుకున్నది, ప్రతిసారి అద్దాలు తీసి పెట్టుకున్న కాడ ఆపి, "మల్ల?" అన్నది.

సుమలత గంతటితోని ఆగలేదు. బుచ్చన్న సాక్ష్యం, అవ్వ సాక్ష్యం, తాను నింపిన ఫారం, మీటింగ్‌కు వచ్చినోళ్లల్ల ముగ్గురు డాక్టర్ల సంతకాలు కలిపి వైద్య మండలికి ఫిర్యాదు పెట్టింది. విచారణ నడుస్తుండంగ మహిపాల్ పెగడపల్లికి వచ్చిండు. కారు దూరంగ ఆపి, ఇంటిదాక నడిచొచ్చి అరుగు మీద కూసున్నడు.

"అమ్మా, నాకు అరవై తొమ్మిదేండ్లు. షుగరు, బీపీ. గీ వయసుల పేరు పోగొట్టకు. బావ మాట కాదనలేక రాసిన."

"రాసిన అని విచారణల చెప్పుండ్రి," అన్నది సుమలత.

"ఒక ముసలోన్ని ఇంత సతాయించి నీకు ఏమొస్తది?"

"మంచిగ అనిపిస్తది సార్," అన్నది. అబద్ధం చెప్పలే. లోపలికెల్లి ముత్తవ్వ చెంబుల నీళ్లు తెచ్చింది. మహిపాల్ చెయ్యి చాపిండు. ముత్తవ్వ గా నీళ్లను ఆయన ముంగటనే బంతిచెట్టు మొదట్ల పోసి లోపలికి పోయింది.

2025ల తీర్పు వచ్చింది. మహిపాల్ తప్పుడు కాయితం రాసినట్టు తేల్చి, పేరును రెండేండ్లు డాక్టర్ల రిజిస్టరుకెల్లి తీసేసిర్రు. గా వయసుల రెండేండ్లంటె ఇగ శాశ్వతమే. సుమలత తీర్పు కాపీని చర్చిల చదివించింది. పాస్టరు క్షమాపణ గురించి నాలుగు మాటలు చెప్పబోతే, ముందు తీర్పు మొత్తం చదువుండ్రి అన్నది. ఆయన చదివిండు. తాగి సచ్చిండన్నోళ్లల్ల బతికున్నోళ్లు తలలు వంచుకొని విన్నరు.

నెలకు నర్సింగ్ హోం మూతపడ్డదని తెలిసి ముత్తవ్వ తనకు చూడాలని ఉన్నదన్నది. తల్లీ బిడ్డలు పొద్దున బస్సుకు కోరుట్లకు పోయిర్రు. గేటుకు తాళం. బోర్డు మీద పేరుకు సున్నం కొట్టిర్రు గని లోపలికెల్లి అక్షరాలు ఇంకా లీలగ కనబడుతున్నయి. ఇద్దరు రోడ్డవతల హోటల్ల కూసొని ఛాయ్ తాగుకుంట చూసిర్రు.

"ఇంకో కోటు కొట్టాలె గా సున్నం," అన్నది ముత్తవ్వ.

"పోదామా అవ్వా?"

"ఏం తొందర బిడ్డా. ఇంకో ఛాయ్ చెప్పు."