నాయిన నన్ను మీరు అన్న మూడు నెలలు

హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా పెట్టె సర్దుకుని కోరుట్లకు వచ్చిన రోజు నుంచి నాయిన నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు. "తిన్నరా మేడం?" "ఫ్యాను బందు జెయ్యమంటరా?" ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, ఇన్నాళ్లకు చదువుకున్న బిడ్డ విలువ తెలుసుకున్నాడని లోలోపల మురిసిపోయాను. నా అంత తెలివిగలది జగిత్యాల జిల్లా మొత్తం వెతికినా దొరకదు.

తరువాత సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసే పనికి అర్జీ పెట్టాను. పరీక్షకని ఒక బ్రిటిష్ కామెడీలోంచి పది నిమిషాల ముక్క పంపారు. అందులో ఓ ముసలాయన కొడుకును దద్దమ్మ అంటాడు, కొడుకు ఆయన్ను ముసలి మేక అంటాడు, వెనకాల జనం పగలబడి నవ్వుతారు. డిక్షనరీ ముందేసుకుని ప్రతి తిట్టునూ పొల్లుపోకుండా తెలుగులోకి దింపాను. "వీళ్లు ఒకరినొకరు చంపుకునేలా ఉన్నారు, ఇందులో నవ్వేదేముంది? ఇంకొక్కసారి రాయండి" అని తిప్పి పంపారు.

మధ్యాహ్నం ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తున్నాను. పక్కన నులక మంచం మీద కూర్చున్న నాయినకు ఇంగ్లిషు ముక్క రాదు. అయినా నవ్వుతున్నాడు, అదీ సరిగ్గా నవ్వాల్సిన చోటే. నాకు ఒళ్లు మండింది.

"ఏం సమజైందని నవ్వుతున్నవు, నాయినా?"

"మొఖాలు సూస్తే తెల్వదా? గా ముసలోడు కొడుకును తిడుతుండు. మరి గిప్పుడు గోడ అవుతలికెల్లి అచ్చిన పక్కింటాయనను తిట్టిండా?"

"లేదు. చాయ పోసి, మీ తోట మంచిగుందండీ అంటున్నడు."

"ఇగ గాయనతోనే అసలు పగ, పంచాది. మా కల్లు మండువల ఎన్నడన్న సూసిన్రా మీరు? ఒక్క దగ్గర కూసోని తాగేటోన్ని గాడిదికొడకా అంటం. మొఖం సూడబుద్ధి గానోన్ని రాండ్రి, కూసోండ్రి అంటం. మనసుల ఉన్నోనికే తిట్లు, మేడం. మర్యాద పరాయోనికి."

ముక్క వెనక్కి తిప్పి చూశాను. నిజమే, తోటను మెచ్చుకుంటున్న ముసలాయన పళ్లు కొరుకుతున్నాడు. రాద్దామని కూర్చున్నాక తట్టింది. మూడు నెలలుగా ఈ ఇంట్లో పక్కింటాయనను నేనే. ఏడుపొచ్చింది.

"చెప్పకుండ మానేసుడు తప్పే, నాయినా. ఆడ పనికి రోజు ఏడ్సుకుంట పోయేదాన్ని. చెప్తే నువ్వు బాధపడ్తవని చెప్పలే."

 నాయిన లేచి అన్నం గిన్నె నా ముందు పెట్టాడు.

"అడ్డగాడిదా! ఏడ్సేది ఉంటే ఇంటికచ్చి ఏడ్వరాదే? ఆడ ఎవ్వడున్నడే నీకు? తిను, సల్లారుతుంది."

ఆ తిట్టును అలాగే తీసుకెళ్లి ఇంగ్లండు ముసలాయన నోట్లో పెట్టాను. పని ఇచ్చారు. నాయిన ఇప్పుడు రోజూ తిడుతున్నాడు. ఏ పూటైనా మర్యాదగా పలకరిస్తే మాత్రం నాకు గుండె జారిపోతుంది.