గుగ్గిలం చల్లిన నడక మిషను

అప్పట్లో నాచారం ఫ్యాక్టరీలో నేను రోజుకూలీ ఫిట్టర్‌ని. ఏడేళ్లు పనిచేసినా రోజుకూలీనే. బెల్టుల విషయంలో మాత్రం నా తర్వాతే ఎవరైనా. గొప్పలు కాదు, నిజమే చెబుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మా ఓనరుకు గుండెజబ్బు వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఉప్పల్ రోడ్డు మీద లారీల దుమ్ములో నడవడం తన వల్ల కాదని, ఆయన విదేశం నుంచి నడక మిషను తెప్పించుకున్నాడు. కింద రబ్బరు బెల్టు తిరుగుతుంటే మనిషి ఉన్నచోటే నడుస్తుంటాడు. ఉన్నచోటే ఉండటానికి అంత కరెంటు దేనికో నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఈనాడూ కాలేదు.

ప్రతి ఆదివారం బంగళాకు వచ్చి దాన్ని శుభ్రం చేయమన్నాడు. దసరాకు పర్మినెంటు లిస్టులో నా పేరు రాయిస్తానని కూడా తనే అన్నాడు. పర్మినెంటంటే జ్వరమొచ్చి పడుకున్న రోజుకూ జీతం. పొమ్మంటే పోవలసిన బతుకు కాదు. గంపెడాశతో సైకిలెక్కేవాణ్ని. బెల్టు తుడిచి, అంచుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు లాగి, మోటారు మూత విప్పి దుమ్ము దులిపేవాణ్ని.

ఒక ఆదివారం, అడుగేస్తే బెల్టు ఆగి ఆగి కదులుతోందన్నాడు. ఫ్యాక్టరీలో బెల్టు జారితే మేం చేసేది ఒకటే, గుగ్గిలం పొడి చల్లుతాం. బెల్టు చక్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మరుసటి వారం పొట్లం కట్టుకుని పోయి బెల్టు కింద దండిగా చల్లాను. ఫ్యాక్టరీ బెల్టు కింద ఏమీ ఉండదు, దీని కింద చెక్క ఉంది. బెల్టు ఆ చెక్క మీద జారితేనే మనిషి నడిచేది. బెల్టుల పండితుణ్ని కదా, ఆ ముక్క తట్టలేదు! ఆయన పది అడుగులు వేశాడో లేదో బెల్టు చెక్కకు అతుక్కుపోయింది. మోటారు నుంచి పొగ. ఆయన కమ్మీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు గానీ, నా పైప్రాణాలు పైనే పోయాయి.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. చెమట తుడుచుకుంటూ, "పోనీలే. కొత్త మోటారుకు రాస్తాను. అదొచ్చి మిషను నడిచాక నీ సంగతి చూద్దాం" అన్నాడు.

ఆ మాట పట్టుకుని వేలాడాను. కిరసనాయిలు రాసి గుగ్గిలం గీకడానికే మూడు ఆదివారాలు పట్టింది. తర్వాత గీకడానికి ఏమీ లేకపోయినా పోవడం మానలేదు. పనిమనిషి దాని మీద తువ్వాళ్లు ఆరేసేది. అవి తీసి మడతపెట్టి, తుడిచి, మళ్లీ ఆరేసి వచ్చేవాణ్ని. రెండు దసరాలు వెళ్లిపోయాయి. రెండు లిస్టుల్లోనూ నా పేరు లేదు. నా తర్వాత చేరినవాళ్లు స్వీట్లు పంచితే తిన్నాను.

చివరికి మా ఆవిడకు ఒళ్లు మండింది. "సచ్చిన మిషన్‌కు స్నానం జేపిస్తున్నవ్. జర నోరు దెరిచి అడుగు. అడగకపోతె అమ్మ గూడ పెట్టది" అంది.

మూడో దసరా ముందు ఆదివారం ధైర్యం చేశాను. ఆయన కాన్వాసు బూట్లు వేసుకుని కాంపౌండు గోడ వెంబడి నడుస్తున్నాడు. ఎదురెళ్లి, "సార్, మోటార్ సంగతి ఏమన్న తెలిసిందా?" అని అడిగాను.

"ఏ మోటారు?" అన్నాడు. కాసేపటికి గుర్తొచ్చింది. "ఓ, అదా? నేనసలు రాయనే లేదోయ్. ఇక్కడ నడుస్తుంటే హాయిగా ఉంది."

ఆయన మనసులో నా మీద కోపం లేదు. నేనే లేను. నా సంగతేమిటని అప్పుడైనా అడగాల్సింది. ఆయన గోడ చుట్టూ తిరిగి రెండుసార్లు నా ముందు నుంచే వెళ్లాడు. రెండుసార్లూ పక్కకు జరిగి దారిచ్చాను. తర్వాత లోపలికి వెళ్లి, గుడ్డ తడిపి పిండుకుని, బెల్టు తుడవడం మొదలుపెట్టాను.