అందిందని చెప్పందే వదలని ఇమ్మానుయేలు గారు

విమానశాఖ పెద్దలకు తార్నాక నివాసి, విశ్వవిద్యాలయ కార్యాలయంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసే గుమాస్తా కొండలరావు, వయస్సు యాభై ఆరు, నమస్కరించి విన్నవించుకొనునది. మీ శాఖలో ఉద్యోగి, మా పక్కింటివారు అయిన శ్రీ ఇమ్మానుయేలు గారిని నేను తొమ్మిదేళ్లుగా ఎరుగుదును. వారికి దూరప్రాంతానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. దానిని రద్దు చేయవలసినదిగా కోరడానికే ఈ విన్నపం. అయితే కోరికకు ముందు మనిషి ఎటువంటివారో చెప్పడం న్యాయం. వారిలో విశేషం ఒక్కటే. తమ చేతిలో ఉన్నది ఏదైనా సరే, అవతలివారు "అందింది, ఇక నా బాధ్యత" అని నోరు తెరిచి చెప్పేవరకు వదలరు.

ఏదైనా అని నేను ఊరికే రాయలేదు. ఒక వర్షాకాలపు ఉదయం ఆఫీసుకు వేళ మించిపోతూ ఉండగా, వారి గొడుగు అరువు అడిగాను. గొడుగు నా చేతిలో పెట్టారు, పిడి మాత్రం వదలలేదు.

"చెప్పండి కొండలరావు గారూ."

"ఏం చెప్పమంటారు? కృతజ్ఞుణ్ణి."

"అది తరవాత. ఏది అందింది, ఎవరి దగ్గర నుంచి, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?"

"ఇమ్మానుయేలు గారి నల్లగొడుగు నాకు అందింది, ఇక నా బాధ్యత" అని నేను ఒప్పజెప్పేసరికి గొడుగుతో నాకు పని లేకుండా పోయింది. అప్పటికే నిలువునా తడిశాను.

వారి భార్య కరుణమ్మ గారు ఇంతకన్నా పెద్ద సంగతి చెబుతారు. "మా పెళ్లిలో మా నాన్నగారు నా చెయ్యి తీసుకెళ్లి ఈయన చేతిలో పెట్టారండీ. పెడితే ఊరుకోవచ్చు కదా! పాస్టరు గారు నోరు తెరిచేలోగా, అంతమంది ముందు, 'అందిందండీ, ఇక నా బాధ్యత' అన్నారు. చర్చి అంతా ఒకటే నవ్వు. నాకైతే బల్లకింద దూరిపోదామనిపించింది."

"మరి వదిలెయ్యాలా వద్దా మీ నాన్నగారికి తెలియొద్దూ?" అన్నారు ఇమ్మానుయేలు గారు, ఏమాత్రం నవ్వకుండా.

ఈ అలవాటు వారికి మీ శాఖ పెట్టినదే. వారి ఉద్యోగం గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. ఆకాశంలో కంటికి కనిపించని హద్దులు ఉంటాయట. విమానం ఇక్కడి హద్దు దాటేముందు ఇక్కడివారు అవతలి కేంద్రానికి టెలిఫోను చేసి అప్పగించాలి. ఆ తీగలో వచ్చేది సగం మాట, సగం గరగర. ఇక్కడివారు అప్పగించామనుకుంటారు, అక్కడివారు ఇంకా అందలేదనుకుంటారు. ఆ కాసేపు లోపల మనుషులతో సహా విమానం ఎవరిదీ కాదు. "విమానానికి దారి బాగానే తెలుసండీ. 'అవతలివాళ్లు చూసుకుంటారులే' అని ఇద్దరూ అనుకున్నచోటే వస్తుంది తంటా" అని వారు ఒకసారి నాతో అన్నారు.

ఒకనాడు నేనొక పనిమీద వారి కార్యాలయానికి వెళ్లి, అవతలి కేంద్రపు పెద్దాయనతో వారు మాట్లాడుతూ ఉండగా విన్నాను. ఆ పెద్దాయన అరుపు టెలిఫోను గొట్టం దాటి గదంతా వినిపించింది.

"సరే, సరే!"

"'సరే' అన్నది విమానం పేరు కాదండీ. ఏ విమానం, ఎంత ఎత్తు, ఎవరి దగ్గర ఉంది?"

"వినపడిందయ్యా మహానుభావా!"

"వినపడటం వేరు, తీసుకోవడం వేరండీ. నేనింకా వదల్లేదు."

అవతలివారు పళ్లు కొరుకుతూ అంతా ఒప్పజెప్పారు. ఆ తరువాత, ఈయన లైను పట్టుకుని వదలరనీ, పని సాగనివ్వరనీ పైకి రాశారు. బదిలీ ఉత్తర్వుకు మూలం అదే. ఉత్తర్వు అందిన రోజున ఇమ్మానుయేలు గారు నొచ్చుకోలేదు. తెచ్చినవాడి ఎదుటే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, "అందింది" అన్నారు.

నొచ్చుకున్నది మా వీధి. ముఖ్యంగా బిక్షపతి. అతడు విశ్వవిద్యాలయంలో తోటమాలి, మా వెనకింట్లో అద్దెకు ఉంటాడు. అతని తల్లి రాములవ్వకు ఈమధ్య దారులు గుర్తుండటం లేదు. మాటలకు మాత్రం ఏ లోటూ లేదు. మధ్యాహ్నం కొడుక్కి బువ్వ తానే తీసుకుపోవాలని ఆమె పట్టు. ఒకసారి అలా బయలుదేరి, దారి తప్పి వారాసిగూడలో తేలింది. బిక్షపతి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఇగ తలుపుకు తాళమేసి పోత సారు. ఏం జెయ్యాలె?"

"తాళమేస్తే నీ బొక్కలిరగ్గొడ్త బిడ్డా! నేనేమన్న మ్యాకనా?" అంది లోపలి నుంచి రాములవ్వ.

ఇమ్మానుయేలు గారు తాళం వద్దన్నారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం వేళకు ఆమె టిఫిను గిన్నెతో వారి గుమ్మం ముందుకు వచ్చేది. వారు వెంట నడిచి, మలుపులో చాయ్ హోటలు నడిపే ఎంకన్నకు అప్పగించేవారు. వారు డ్యూటీలో ఉంటే కరుణమ్మ గారు ఆ పని చేసేవారు. ఎంకన్న రోడ్డు దాటించి యూనివర్సిటీ గేటు దగ్గర కాపలా ఉండే ఇన్నయ్యకు, ఇన్నయ్య తోటలోని బిక్షపతికి. ప్రతిచోటా ఆ మాట పలకవలసిందే.

"ఎంకన్నా, రాములవ్వ అందిందా?"

"అందింది సారు, గిరాకి ఉన్నది, పోన్రి!"

"గిరాకీ సంగతి అడగలేదు. ఎవరి బాధ్యత?"

"నాదే, నాదే! మా తాత గూడ నన్ను గిట్ల సతాయించలే."

రాములవ్వ ఎంకన్నను గదిమేది. "చెప్పు బిడ్డా, సక్కగ చెప్పు. చెప్పకుంటె గాయన గీడనే నిలవడ్తడు."

ఇలా బాగానే సాగుతూ ఉండగా, పోయిన నెలలో ఒక రోజు హోటలు నిండా విద్యార్థులు. ఎంకన్నకు రోడ్డు దాటే తీరిక లేక, ఇవతలి నుంచే అవ్వను చూపిస్తూ చెయ్యెత్తాడు. అవతల ఇన్నయ్య కూడా చెయ్యెత్తాడు. అందిందన్నమాట అనుకొని ఎంకన్న చాయ్ వైపు తిరిగాడు. ఇన్నయ్య చెయ్యెత్తింది, గేటులోకి వస్తున్న ఒక ప్రొఫెసరు గారి కారుకు సలాం చేయడానికి. అతడు ఈమెను చూడనేలేదు. ఆమె వాహనాలను ఆపి, రోడ్డు తానే దాటి లోపలికి వెళ్లిపోయింది.

బువ్వ రాలేదని బిక్షపతి గేటుకు వచ్చాడు. ఆ తరువాత ఎంకన్నకూ ఇన్నయ్యకూ జరిగిన సంభాషణ గేటు దగ్గర గుమిగూడిన అందరూ విన్నారు.

"నీకిచ్చిన కద ఇన్నయ్యా!"

"నాకెక్కడిచ్చినవ్? నువ్వు చెయ్యి లేపితె నాకేమెర్క?"

"నువ్వు గూడ లేపినవ్ కద!"

"గది సారుకు సలాం!"

డ్యూటీ ముగించుకొని ఇమ్మానుయేలు గారు అప్పుడే బస్సు దిగారు. ఎవరినీ తప్పుపట్టలేదు. "చివరిసారి ఎవరు చూశారు, ఎటు వెళ్తుండగా చూశారు, అది చెప్పండి చాలు" అన్నారు. తలా ఒక తోవ అప్పగించి, ప్రతివారి చేతా ఆ తోవ పేరు చెప్పించి మరీ పంపారు.

అవ్వ దొరికింది. ఒక తరగతి గదిలో, చివరి బెంచీ మీద కూర్చుని ఉపన్యాసం వింటోంది. పక్కన ఇద్దరు విద్యార్థులు. టిఫిను గిన్నె ఖాళీ.

"గిదేందమ్మా! గీడ కూసున్నవేంది?" అన్నాడు బిక్షపతి.

"మెల్లగ మాట్లాడు. సారు చెప్తుండు. నడుమల లేస్తె చిన్నబుచ్చుకుంటడు."

"మరి నా బువ్వ?"

"పోరగాండ్లు బక్కగున్నరు, పెట్టిన. నీకు రేపు తెస్త తియ్యి."

ఆ సాయంత్రం ఎంకన్న, ఇన్నయ్య తలలు వంచుకొని వస్తే, ఇమ్మానుయేలు గారు వారికి చాయ్ ఇప్పించారు. "మీ ఇద్దరిలో ఎవరికీ శ్రద్ధ లేక కాదు. మధ్యలో రోడ్డుంది. చేతులు దానిమీదుగా సరిగ్గా మాట్లాడవు, నోరే మాట్లాడాలి" అన్నారు. ఆనాటి నుంచి ఎంకన్న ఎంత గిరాకీ ఉన్నా రోడ్డు దాటుతున్నాడు.

వాళ్లు వెళ్లాక నేను అడిగాను. "అవ్వ విషయంలో ఈ పద్ధతి సరే. నా గొడుగుకు, పాలవాడి చెంబుకు, చర్చిలో కానుకల పళ్లేనికి కూడా ఎందుకండీ? వీధంతా నవ్వుతోంది."

వారు కొంచెం సిగ్గుపడ్డారు. "ఉద్యోగంలో అలవాటే. వీధిలోకి ఇంతగా తెచ్చింది మాత్రం ఆవిడ కోసమే. ఆవిడనొక్కదాన్నే అప్పగించుకుంటుంటే చిన్నపిల్లను చేశారని తెలిసిపోదా? గొడుగునూ, చెంబునూ, గుమాస్తా గారినీ కూడా అలాగే అప్పగిస్తే, అది నా పిచ్చి అవుతుంది. ఆవిడ మర్యాదకు లోటుండదు. నవ్వితే నవ్వనివ్వండి."

ఈ సంగతి వీధికి చెప్పి ఈ విన్నపం రాసినవాణ్ణి నేనే. సంతకాలు తీసుకుంటూ ఉండగా రాములవ్వ వచ్చి, ఏం రాశానో చదివి వినిపించమంది. బదిలీ అనేంతవరకే చదివాను.

"ఏంది, గాయన్ని దూరం పంపిస్తరా? ఏమన్న తెలివున్నదా గాళ్లకు? ఆయనకు మతి నిలవడదు సారు. ఎవరి చేతుల ఏం పెట్టిండో యాదికుండదు. అందుకే పాపం అందర్ని అడుగుతడు. నేనెందుకు రోజు గాయన గుమ్మం కాడికి పోతున్ననుకున్నవ్? మంచిగున్నడా లేడా చూసొద్దామని! ఎంకన్న హోటల్ దాకా నేనే తోల్కపోత. దూరమంపితె ఎవరు చూస్తరు? గది రాయి."

పక్కనే ఉన్న ఇమ్మానుయేలు గారి వైపు చూశాను. "ఆవిడ చెప్పినట్టే రాయండి" అన్నారు.

కావున, శ్రీ ఇమ్మానుయేలు గారి బదిలీ రద్దుచేసి, వారిని ఇక్కడనే కొనసాగించవలసినదిగా మా వీధివారందరి తరఫున ప్రార్థన. వీధివారి కారణం పైన వివరించినాను. అది చాలదని తోచినట్లయితే, సదరు ఉద్యోగికి జ్ఞాపకశక్తి తక్కువ గనుక ఒంటరిగా దూరం పంపరాదన్న రాములవ్వ కారణం, ఆమె వేలిముద్రతో దిగువన చేర్చబడినది. విచారణ నిమిత్తం అధికారులు ఎవరైనా తార్నాకకు దయచేసినచో, ఆమె ఎదుట ఆ రెండవ కారణాన్ని కాదనవద్దని ప్రత్యేకంగా మనవి.

చిత్తగించవలెను.

కొండలరావు