వంటావార్పు దగ్గర మ్యాక్రో పాఠం

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న ఉదయం కోరుట్ల నుంచి వారి బిడ్డ ఫోన్ చేసింది. "మా అబ్బా నిద్రలనే పోయిండు అక్కా. గోస పడలే," అంది. ఏడాదిగా ఊపిరి తీసుకోవడానికే అవస్థ పడ్డ మనిషి. ఏడుపు కంటే ముందు నా గుండె తేలికపడింది. అలా అనిపించినందుకు నాకు సిగ్గేమీ లేదు.

మీలో కొందరైనా కోరుట్లలో ఆయన నడిపిన కంప్యూటర్ సెంటర్‌లో సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఉంటారు. తెర నిండా తప్పులొచ్చి మేం బిక్కమొహం వేస్తే, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, "మొదటిది సదువుండ్రి. తక్కినయి దాని పిల్లలు," అనేవారు. మాకు ప్రాణం మీదికొస్తుంటే ఆ తుడవడం ఒక పట్టాన అయ్యేది కాదు!

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది సిరిసిల్ల. నేను కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉంటూ జగిత్యాల కాలేజీలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. సార్ సెంటర్‌లో చక్కగా నడిచిన నా ప్రాజెక్టు, పరీక్ష ముందురోజు కాలేజీ ల్యాబులో కంపైల్ కాలేదు. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అక్కడ పాతది. అట్రిబ్యూట్ అన్న మాట కనబడ్డ ప్రతిచోటా మొరాయించింది. ఆ ఏడు పోతే మళ్లీ చదివించే స్తోమత మరమగ్గాల మీద బతికే మా ఇంట్లో లేదు.

తెల్లారి బస్సులు బంద్. పరీక్ష మాత్రం ఆగలేదు. నా గోడు విని సార్ తన స్కూటర్ మీద నన్ను తీసుకుని బయలుదేరారు. దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వచ్చేపోయేవాళ్లకు వడ్డిస్తూ ఉద్యమకారుల వంటావార్పు. "తినకుంట పోనియ్యం సార్," అన్నారు వాళ్లు. నాకు ముద్ద దిగలేదు. సార్ హాయిగా వంకాయకూర కలుపుకుంటూ పాఠం మొదలుపెట్టారు.

"అట్రిబ్యూట్ అంటే ఏంది బిడ్డా? కంపైలర్‌కు మనం చెప్పే ముచ్చట. 'ఈ పేరు వాడకున్నా అరువకు' అని చెప్తున్నం. కొత్తదానికి గా ముచ్చట తెలుసు. పాతది తెల్వక లొల్లి చేస్తది."

"మరెట్ల సార్?"

"దానికో పేరు పెట్టు. గదే మ్యాక్రో. కొత్త కంపైలరైతే ఆ పేరు జాగల అట్రిబ్యూట్ వస్తది. పాతదైతే ఏం రాదు, ఖాళీ."

"అన్నీ గట్లనే ఖాళీ చెయ్యొచ్చా?"

సార్ తినడం ఆపారు. "గిది మంచిగడిగినవ్. సలహా అయితే తీసెయ్యొచ్చు, పని చెడది. హుకుం అయితే తీస్తే చెడ్తది. ఏది ఏందో నువ్వే చూడాలె."

నా ప్రోగ్రాంలో హుకుం ఒక్కటే ఉంది. ఫైలు నుంచి చదివే రికార్డులో భాగాల మధ్య ఖాళీలు రాకుండా చూసేది. దాన్ని తీసేస్తే చదివిందంతా తప్పు. అందుకని ఒక్కో భాగాన్నీ విడిగా చదవాలని నేనే చెప్పాను. సార్ తలూపి, ఇంకో గరిటె కూర అడిగారు. ఆయన ధీమా చూసి నాకు ఆకలి పుట్టింది.

ల్యాబులో అంతా మార్చి మీట నొక్కాను. ఒక్క తప్పూ రాలేదు. రికార్డులన్నీ సరిగ్గా వచ్చాయి. బయటికి పరుగెత్తాను.

గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నారు సార్. "నడిచింది సార్!" అన్నాను. ఆయన స్కూటర్‌కు తాళం చెవిని తలకిందులుగా పెట్టి తిప్పుతూనే ఉన్నారు. దారి పొడవునా ఆయన కూడా భయపడుతూనే ఉన్నారని నాకప్పుడు తెలిసింది. చివరికి తాళం చెవి నా చేతిలో పెట్టి, కాలేజీ మెట్టు మీద కూలబడి, కాళ్లు చాపుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఉండిపోయారు.