తనకా పూసిన చెంపలు

కోటబొమ్మాళి దగ్గరి బర్మా కాలనీలో అసిరమ్మతో ఒకసారి పేచీ పెట్టుకున్నవాడు రెండోసారి పెట్టుకోడు. నోరు అలాంటిది. ఆ నోరు మెత్తబడేది గోడ మీద ఫోటో ముందు మాత్రమే. అది రంగూన్లో తీయించింది. కుర్చీలో వాళ్ళమ్మ, పక్కన నాలుగేళ్ళ అసిరమ్మ. ఇద్దరి చెంపల మీదా తెల్లగా, గుండ్రంగా తనకా పూత. తనకా అంటే చెట్టు బెరడు. రాతి మీద నీళ్ళతో అరగదీసి, ఎండ తగలకుండా గంధంలా పూసుకుంటారు. తాత ఓడల్లో బస్తాలు మోయడానికి బర్మా వెళ్ళి ఉండిపోతే, ఇంట్లో ఆడవాళ్ళకి అక్కడివాళ్ళు నేర్పిన అలవాటది.

అరవైనాలుగులో బర్మా సర్కారు పొమ్మంటే, అక్కడి మనవాళ్ళందరితోపాటు వీళ్ళూ ఓడెక్కి వచ్చేశారు. అసిరమ్మకప్పుడు పదేళ్ళు. విశాఖ రేవు కనబడగానే అమ్మ కొంగు తడిపి పిల్ల చెంపలు గట్టిగా తుడిచేసింది, ఊళ్ళో నవ్విపోతారని. తనవీ తుడుచుకుంది. దిగిన రెండో ఏడే జ్వరమొచ్చి పోయింది. ఆ ఒక్క ఫోటోలో తప్ప ఆవిడ ముఖం ఇంకెక్కడా లేదు.

రెండువేల పధ్నాలుగు తుఫానుకి ఇల్లు కారి ఫోటోకి బూజు పట్టింది. మనవరాలు దేవి దాన్ని ఆమదాలవలసలో స్టూడియో చినబాబుకిచ్చింది. వారానికి అసిరమ్మా, దేవీ ఇద్దరూ వెళ్ళారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, ఆ మహానుభావుడు తనకాని కూడా బూజే అనుకుని తడి దూదితో గీకేశాడు. కాగితం మీద తల్లీబిడ్డల చెంపలు ఊడొచ్చాయి. కంప్యూటర్లో నున్నటి చెంపలు కొత్తవి పెట్టి, పెద్ద ఫ్రేము కట్టి, మెప్పు కోసం నిలబడ్డాడు.

అసిరమ్మ చాలాసేపు చూసింది. తిట్టలేదు. దేవికి అందుకే భయమేసింది.

"ఈవిడెవులు?" అంది.

దేవి సంగతి చెప్పాక చినబాబు ముఖం మాడిపోయింది. పూత ఎలా ఉండేదో చెబితే మళ్ళీ పెడతానన్నాడు. అది నోటితో చెప్పేదా? అసిరమ్మ దేవిని పంపి పక్క కొట్లో గంధం పొడి తెప్పించింది. నీళ్ళచుక్క కలిపి స్టూడియో అద్దం ముందు కూర్చుని, మూడు వేళ్ళతో చెంప నడుమ నుంచి బయటికి గుండ్రంగా రాసుకుంది. యాభై ఏళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు. తలెత్తితే అద్దంలో అమ్మ ఉంది, కాస్త ముసలిదైపోయి. అసిరమ్మకి ఏడుపొచ్చింది. పూత చెదరకుండా కళ్ళ కింద కొంగు అద్దుకుంది.

"సూడు బాబూ, ఇలాగుంటాది. నలుగురూ నవ్వుతారని మాయమ్మ ఒకసారి తుడిసేసింది. నువ్వు మళ్ళీ తుడిసీకు."

చినబాబు ఆవిడ చెంపల్ని ఫోటో తీసి, ఆ పూతనే ఫోటోలో తల్లీబిడ్డల చెంపల మీదికి ఎక్కించాడు. ఈసారి అసిరమ్మ తల ఊపింది.

స్టేషన్లో జనం చూస్తారని దేవి చేతిరుమాలు అందించింది. అసిరమ్మ దాన్ని మడిచి మనవరాలి చేతిలోనే పెట్టి, ఆ చెంపలతోనే పలాస పాసింజరు ఎక్కింది.