మా అత్తయ్య మెచ్చుకున్న మజ్జిగ

ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఉన్న బరువు ఒక గ్లాసు మజ్జిగ. నవ్వకండి. ఈ మాట రాయగానే నాకూ నవ్వే వచ్చింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళకైతే ఇంత వివరంగా చెప్పలేను, సగంలోనే నన్ను నేను వెనకేసుకు రావడం మొదలుపెడతాను. ఆ విద్యలో నేను గట్టిదాన్ని.

మాది రేపల్లె. మా ఆయనకి ఎరువుల కొట్టు ఉంది. నేను కాపురానికి వచ్చేనాటికే అత్తయ్యకి కడుపునొప్పి. పైకి చెప్పుకునే మనిషి కాదు. అన్నం తిన్న కాసేపటికి వంటింటి గడప దగ్గర మోకాళ్ళు పొట్టకి అదుముకుని కూర్చునేది. ఎవరైనా వస్తే, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు చేట ముందుకి లాక్కునేది. గ్యాస్ మాత్ర వేసుకుంటే సర్దుకునేది, మానేస్తే మళ్ళీ మొదలు. చివరికి ఒకరోజు నేనే ఆవిడని పాసింజర్ రైల్లో తెనాలి తీసుకెళ్ళాను.

గొట్టం మింగించి లోపల చూడాలన్నారు డాక్టరుగారు. అత్తయ్య వణికిపోయింది. సరే, మలపరీక్ష చేయిద్దాం, కడుపులో పుండు పుట్టించే క్రిమి ఉంటే అందులో తెలుస్తుంది అన్నారు ఆయన. ఒకటే షరతు. పరీక్షకి ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ముట్టుకోకూడదు. మాత్ర పడితే క్రిమి అణిగిపోతుందట, ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుందట. చదువుకున్న కోడలిని కదా అని ఈ మాట ఆయన నా ముఖం చూసి చెప్పారు. కాబట్టి నాకు తెలియదని చెప్పుకునే దారి లేదు.

ఆ రెండు వారాల్లోనే బాపట్లలో నా బి.ఇడి. పరీక్షలు పడ్డాయి. అంతకుముందు ఒకసారి కడుపుతో ఉండి మంచం పట్టి రాయలేకపోయాను. ఇది రెండో ప్రయత్నం. పొద్దున్నే బస్సెక్కితే తిరిగి వచ్చేసరికి సాయంత్రం. మా పాప అప్పటికి ఇంకా బడికి వెళ్ళే వయసు కాదు, అత్తయ్య చూసుకుంటేనే నేను కదలగలిగేది.

ఆవిడేమో మాత్ర మానడాన్ని ఒక వ్రతంలా పట్టింది. డబ్బా తీసి బీరువా మీద పెట్టింది, కంటికి కూడా కనపడకూడదని. నాలుగు రోజులు గడిచేసరికి నిలబడలేకపోయింది. రేపు మొదటి పరీక్ష అనగా ముఖంలో నెత్తురు చుక్క లేకుండా గోడకి ఆనుకుని, "నువ్వెళ్ళి రా అమ్మాయ్, పిల్లని నేను చూసుకుంటాలే" అంది.

ఆ ముఖం చూసి నాకు జాలి వేసిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. జాలి ఉంది, కూరలో ఉప్పంత. మిగిలిందంతా కోపం. ఈసారి కూడా నా పరీక్షలు ఈవిడ కడుపులో పడి పోతాయని కోపం. తెల్లవారి బీరువా మీది డబ్బా దించాను. క్యాప్సూల్ మూత విప్పి, లోపలి తెల్లని గింజల్లాంటి మందు మజ్జిగలో కలిపాను. అల్లం దంచి వేశాను, కరివేపాకు వేశాను. ఆవిడ గ్లాసెత్తి చివరి చుక్కదాకా తాగింది. పరీక్షలు అయ్యేదాకా రోజూ తాగింది. ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి సద్దుమణిగింది. పాపని చంకనేసుకుని వీధంతా తిరిగింది. నేను బాపట్లలో ప్రశాంతంగా పేజీల మీద పేజీలు రాశాను.

పరీక్షలు అయిపోయాయి కదా, మరో రెండు వారాలు ఆగి, మాత్ర లేకుండా మలపరీక్ష చేయిద్దామని అనొచ్చు. ఎందుకు అనలేదు? అంటే ఎందుకని అడుగుతారు. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఏమైనా ఉందేమోనని ఎన్నోసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

శాంపిల్ డబ్బాని అత్తయ్య సిగ్గుతో చచ్చిపోతూ మిఠాయి కొట్టు కవరులో పెట్టింది. రైల్లో పక్కనావిడ ఎవరింటికమ్మా స్వీట్లు అని అడిగితే, ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాం. ఆవిడంటే నాకు నిజంగా ఇష్టమని ఆ రైల్లోనే తెలిసింది. ఆ తరువాత కాసేపటికే ల్యాబులో అమ్మాయి, గ్యాస్ మాత్రలేమైనా వాడారా అని అడిగింది. "ముట్టుకోలేదండి. కావాలంటే మా కోడల్ని అడగండి" అంది అత్తయ్య గర్వంగా. నేను తలూపాను.

రిపోర్టులో క్రిమి లేదు. డాక్టరుగారు కారం తగ్గించమని, దిగులు పెట్టుకోవద్దని, అవసరమైతే గ్యాస్ మాత్ర వేసుకోమని చెప్పారు. మా ఆయన రిపోర్టు చూసి, "చూశావా అమ్మా, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితాన్ని నమ్మాడు. కానీ ఆ తరువాత ఆవిడ పొట్ట పట్టుకున్నప్పుడల్లా, మళ్ళీ మొదలైందా అన్నట్టు చూసేవాడు. చుట్టాల ముందు ఒకసారి డ్రామా అన్న మాట కూడా వాడాడు. లేని జబ్బుకి మాత్రలేంటని సిగ్గుపడి అత్తయ్య మాత్రలు మానేసింది.

ఒక మధ్యాహ్నం నేను పాపకి జడ వేస్తుంటే పక్కన వచ్చి కూర్చుంది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అమ్మాయ్, నొప్పి లేకుండానే నాకు నొప్పి వస్తోందంటావా?"

"పరీక్షలో ఏమీ లేదు కదా అత్తయ్యా."

"అంతేలే. నాకే ఏదో అయినట్టుంది."

మజ్జిగలో మందు కలపడం కన్నా ఆ జవాబే పెద్ద తప్పని ఇప్పుడనుకుంటున్నాను. మందు కలిపినప్పుడు కంగారులో ఉన్నాను. జవాబు చెప్పినప్పుడు నా చేతిలో దువ్వెన తప్ప ఏమీ లేదు. నిజం చెప్పడానికి కావలసినంత తీరిక ఉంది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది ఆవిడ పొగడ్త. నా పరీక్షల రోజుల్లో తనకి నొప్పి తగ్గడానికి నా అల్లం మజ్జిగే కారణమని ఆవిడ నమ్మకం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. నొప్పి వచ్చినప్పుడల్లా, అప్పుడు చేసినట్టు చెయ్యి అమ్మాయ్ అని అడిగేది. చేసిచ్చేదాన్ని. తాగి, అప్పటిలా కుదరలేదులే అనేది. భరించలేక ఒకటి రెండుసార్లు మళ్ళీ మందు కలిపాను కూడా. కలిపిన రోజు మాత్రం బాగా కుదిరిందని మెచ్చుకుంది.

నేను ఆ పరీక్షలు పాసై టీచర్నయ్యాను. కాపీ కొట్టిన పిల్లల చెవులు మెలేస్తూ ఉంటాను.

పోయిన వేసవిలో అత్తయ్య నెత్తురు కక్కుకుని పడిపోయింది. కారులో తెనాలి తీసుకెళ్ళాం. దారి పొడవునా ఆవిడ తల నా ఒళ్ళోనే. బతికితే చెప్పేస్తానని ఆ దారిలోనే ఒట్టు పెట్టుకున్నాను. అంత భయపడిన గొట్టం చివరికి మింగక తప్పలేదు. పుండు ఉంది, క్రిమి ఉంది. డాక్టరుగారు పాత రిపోర్టు చూసి, ఈ మధ్యే సోకి ఉండొచ్చన్నారు. అప్పుడు లేదు, ఇప్పుడొచ్చింది అని మా ఆయన అందరికీ చెప్పాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. ఒట్టు గట్టుమీద పెట్టాను. కోర్సు మందులు వాడాక అత్తయ్య పూర్తిగా కోలుకుంది. ఈమధ్య ఆవకాయ జాడీ ఆవిడకి అందనంత ఎత్తులో పెట్టాల్సి వస్తోంది. ఆ జాడీ కోసం స్టూలెక్కిన ఆవిడని చూసి కోప్పడుతూనే లోపల ఎంత సంతోషిస్తానో మీకు చెప్పలేను.

ఇక ఈ ఉదయం జరిగింది చెప్తాను. కొల్లూరులో ఉన్న మా ఆడపడుచు సుజాత అత్తయ్యకి ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయికి కడుపునొప్పట, అదే మలపరీక్ష రాశారట, రెండు వారాలు మాత్ర వద్దన్నారట. పిల్ల అల్లాడిపోతోందట. అత్తయ్య వెంటనే, "మీ వదిన చేతి మజ్జిగ పట్టించవే. నాకప్పుడు మంత్రంలా పనిచేసింది. ఉండు, ఎలా చెయ్యాలో దాన్నే చెప్పమంటా" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది.

అల్లం, కరివేపాకు అని చెప్పి పెట్టేయొచ్చు. నిజంగా ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ పిల్ల ఓర్చుకోలేక ఏడుస్తుంటే తల్లి ఏం చేస్తుందో నాకు తెలుసు. రేపు రిపోర్టులో ఏమీ లేదని వస్తే, ఆ పిల్లని ఎవరూ నమ్మరు.

"సుజాతా, ఆ మజ్జిగలో నేను గ్యాస్ మాత్ర కలిపాను. రోజూ. అందుకే అత్తయ్యకి నొప్పి తగ్గింది. అందుకే పరీక్షలో క్రిమి దొరకలేదు. పిల్ల ఎంత ఏడ్చినా నువ్వు ఆ పని చెయ్యకు. ఓర్చుకోలేకపోతే డాక్టరుగారికి చెప్పి పరీక్ష వాయిదా వేయించు."

 సుజాత సరే వదినా అని పెట్టేసింది. నేను వెనక్కి తిరగడానికి చాలా సమయం పట్టింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

"అయితే అప్పట్లో నా నొప్పి నిజమేనన్నమాట."

"నిజమే అత్తయ్యా."

ఇంకా ఏదో అడుగుతుందని నిలబడ్డాను. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది? ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, గడప దాటుతూ ఆగి, "సాయంత్రం వాడొచ్చాక ఈ మాట వాడికీ చెప్పు. నేను పక్కనుండగా చెప్పు" అంది.

కొట్టు కట్టే వేళయింది. ఇంకాసేపట్లో మా ఆయన వస్తాడు. భయంగానే ఉంది. ఆయనకి చెప్పేముందు ఒకసారి మొదటినుంచీ చెప్పి చూసుకుందామని మీ ముందు కూర్చున్నాను. ఎక్కడా ఆగిపోకుండా చెప్పగలిగాను. వీధిలో బండి చప్పుడైంది. అత్తయ్య అప్పుడే వచ్చి ముందుగదిలో కూర్చుంది, పక్కన నాకో కుర్చీ వేసి.