పింగాణీ కల్వం

కిందటి బుధవారం పొద్దున చల్లపల్లి బస్టాండులో టీ తాగుతున్నాను. మన కాలేజీ స్టోరుకీపరు బెజవాడ బస్సు దిగి, నన్ను చూసి నిలబడిపోయాడు.

"నీ దగ్గరికే వస్తున్నానయ్యా. మాస్టారు పోయారు. తెల్లారగట్ట గుండె నొప్పన్నారంట, అంతే."

గ్లాసులో సగం టీ అలాగే ఉండిపోయింది.

కొత్తగా చేరిన పిల్లల కోసం చెబుతాను. మాస్టారు మన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. నేను ఆ ల్యాబులో అటెండరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. నా చదువు మా ఊరి బడిలో ఐదో తరగతి. రాయడం అంతంతమాత్రం, మాట్లాడడం అంతకన్నా తక్కువ. అయినా మన కాలేజీ పత్రిక ఈ సంచికలో ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలి.

నన్ను "మీరు" అన్న లెక్చరరు ఆయన ఒక్కరే. "పెద్దాయనా, కల్వం తెస్తారా?" అనేవారు. ఆదివారం చర్చికి వేసుకున్న తెల్ల చొక్కానే సోమవారం కాలేజీకి వేసుకొచ్చేవారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే మొదటి ముద్ద తినేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. తెరిచాక మూతలో కాస్త పచ్చడి వేసి నా వైపు జరిపేవారు. నేను వద్దనేవాణ్ణి. ఆయన వినేవారు కాదు.

డాక్టరేటు కోసం ఆయన ఒక పని పెట్టుకున్నారు. పాలిమర్ పొడిని వేడినీళ్ళలో గంజిలా కాచి, కల్వంలో మెత్తగా నూరిన జింకు ఆక్సైడు అందులో కలిపి, తాండ్ర పోసినట్టు గాజుపలక మీద పోసేవాళ్ళం. ఆరాక పల్చటి పొర ఊడివచ్చేది. ఆ పొరల్ని కాగితాల మధ్య పెట్టుకుని రైల్లో యూనివర్సిటీకి తీసుకెళ్ళి, ఎక్స్‌రే ఫిల్ములు తీయించుకొచ్చేవారు. ఫిల్ము మీద వంపు తిరిగిన గీతలుండేవి. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి, గీతకీ గీతకీ మధ్య దూరం కొలిచి నాకు చెప్పేవారు. నేను అంకెలు వేసేవాణ్ణి.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఈ గీతలేంటండీ మాస్టారూ?"

"మీకు పొలముందిగా?"

"ఎకరం ఉందండీ."

"వరసల్లో నాటిన చేను గట్టు మీంచి చూస్తే ఎలా ఉంటుంది? చాళ్ళు చాళ్ళుగా తెలుస్తుంది. వెదజల్లిన చేనో?"

"చాళ్ళుండవండీ. అంతా ఒకటే పచ్చగా ఉంటది."

"అదే. జింకు ఆక్సైడు నాటిన చేను. దాని చాళ్ళే ఈ గీతలు. పాలిమరు వెదజల్లిన చేను, అందుకే మసకగా పరుచుకుంది. ఏ పంట చాళ్ళు ఆ పంటవే పెద్దాయనా. గీత అబద్ధం చెప్పదు, చదివేవాడే పొరబడతాడు."

ఈ ముక్క మీరంతా క్లాసులో విన్నదే. మొదట విన్నది నేను.

ఇక నా సంగతి. నూరిన ప్రతిసారీ తెల్లపొడి పింగాణీ కల్వానికి గట్టిగా పట్టేసేది. యాసిడ్‌తో కడగాలని ఆయనే నేర్పారు. ఒక వేసవిలో యాసిడ్ అయిపోయింది, స్టోరులోనూ లేదు. పొద్దున్నే కల్వం కావాలన్నారు మాస్టారు. మా ఇంట్లో ఇత్తడి బిందెలు చింతపండూ కృష్ణ ఇసకా వేసి తోముతుంది మా ఆవిడ. నేనూ ఆ ఇసకే గుప్పెడు తెచ్చి తోమాను. తళతళలాడింది.

మాస్టారు కల్వాన్ని వెలుగులో తిప్పి చూసి, "అబ్బ! అద్దంలా చేశారే!" అన్నారు.

ఆ ఒక్క మాట కోసం, యాసిడ్ వచ్చాక కూడా ఎనిమిది నెలలు ఇసకతోనే తోమాను. పింగాణీ లోపలంతా గరుకు. ఎంత కడిగినా సన్నటి ఇసక అందులో నిలుస్తుందని నాకు తోచలేదు.

తర్వాత వచ్చిన ఫిల్ముల్లో మూడు సన్న గీతలు కొత్తగా కనిపించాయి. ఏ పదార్థానికి ఏ గీతలుంటాయో అచ్చేసిన కార్డులుండేవి ల్యాబులో. మాస్టారు వాటిలో జింకువన్నీ తిరగేశారు. దేనికీ కలవలేదు. "పాలిమరులో చేరి జింకు కొత్త రూపు కట్టింది" అని మురిసిపోయారు. ల్యాబంతటికీ మిఠాయి పంచారు. నేనూ తిన్నాను.

యూనివర్సిటీకి వెళ్ళే ముందురోజు, ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉండగా అడిగారు. "పెద్దాయనా, కల్వం కడగడంలో కొత్తగా ఏమైనా వాడారా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఇసక. గుర్తు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. అయినా "మామూలుగానే కడిగానండీ" అన్నాను.

అక్కడ ఆయన గైడు ఫిల్ము చూసి, ఒకే ఒక్క కార్డు తీసి పక్కన పెట్టారట. "ఇది కొత్త పదార్థం కాదండీ, ఇసక" అన్నారట. తిరిగొచ్చి మాస్టారు నన్నేమీ అడగలేదు. కల్వం తీసుకుని యాసిడ్ పోసి, కుళాయి దగ్గర నిలబడి తనే కడుక్కున్నారు. ఆరోజు నుంచీ రోజూ ఆయనే కడిగేవారు. మళ్ళీ పొరలు పోయలేదు. డాక్టరేటు మాట ఎత్తలేదు.

కానీ ఏటా కొత్త బ్యాచికి ఆ ఫిల్ము చూపించేవారు. "ఈ మూడు గీతలూ నా అజాగ్రత్త. నా కల్వం నేను కడుక్కోలేదు. ఎవరినీ అనడానికి లేదు." వెనక సుద్దముక్కల పెట్టె పట్టుకుని నేను నిలబడేవాణ్ణి. నాలుగు బ్యాచీలు విన్నాను. మీరు నవ్వేవారు, ఆయనా నవ్వేవారు.

నా ఆఖరి రోజున ఏలూరు కాలువ వంతెన మీద ఆయన పక్కన నడుస్తూ, "మాస్టారూ, అప్పుడు ఆ కల్వం..." అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "చల్లపల్లి బస్సు వెళ్ళిపోతుంది పెద్దాయనా, పదండి" అన్నారు.

బస్సెక్కాను. ఆయనకు తెలుసో తెలియదో ఇప్పటికీ తెలియదు.

మాస్టారి దగ్గర చదివిన పిల్లలూ, ఆ మూడు గీతలూ నావి. ఆయనవి కావు. ఇది చెప్పడానికే రాశాను.

సమాధుల తోటలో పెట్టెను దించాక ఒక్కొక్కరూ పిడికెడు మన్ను వేశారు. నా వంతు వచ్చింది. వంగి తీశాను. ఏటి దగ్గరి నేల, సగం ఇసకే. వేయలేక కాసేపు అలాగే నిలబడ్డాను. వెనక ఎవరో, "వెయ్యండి తాతగారూ" అన్నారు. వేశాను. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని చెయ్యి విప్పితే, అరచేతి మడతల్లో రెండు మూడు రేణువులు ఎండకి మెరుస్తున్నాయి.